రెండుగా చించిన అట్టముక్క

నేను చేసిన మొదటి పని తప్పుడు పని. ఆ సంగతి తెలియక మూడు నెలలు దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను.

తొంభై ఎనిమిది ఎండాకాలం. ఉదయగిరి బస్టాండుకు ఎదురుగా మా సంస్థ ఒక గది అద్దెకు తీసుకుని అందులో కంప్యూటరు పెట్టింది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఏ పనికి ఏ కాగితాలు కావాలో, ఎవరి దగ్గరికి పోవాలో దాన్ని అడిగి తెలుసుకోవాలని ఉద్దేశం. కీబోర్డులో అంకెలు తప్ప మిగతావన్నీ అట్టతో మూసేశాం. తెర మీద వరసగా పేర్లు కనిపిస్తాయి, కావలసిన పేరు పక్కనున్న అంకె నొక్కాలి, అంతే. ఆ తెరలు తయారుచేసే ఉద్యోగం నాది. నెల్లూరులో ఏడాదిపాటు కంప్యూటరు కోర్సు చదివి, ఆత్మకూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న నన్ను సంస్థ నడిపే పెద్దసారు పిలిచి మరీ ఇచ్చాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మా నాయన ఆత్మకూరు బళ్ళో అయ్యవారు. పొద్దున అక్కడ బస్సెక్కి ఉదయగిరికి పోయి, సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

మొదటి తెర మీద ఏం పెట్టాలా అని నేను పెద్దగా ఆలోచించనే లేదు. ఆలోచించడానికేముంది? విద్యాశాఖ, రెవెన్యూ శాఖ, వైద్య ఆరోగ్య శాఖ, పశుసంవర్ధక శాఖ, ఇలా ఏడు శాఖలు, ఏడు అంకెలు. ఏ కాగితం ఏ శాఖ ఇస్తుందో ఆ శాఖ కింద పెట్టాను. ఒక సంగతి ఒక్కచోటే ఉండాలి, రెండు చోట్ల రాయకూడదు అని మాకు కోర్సులో నేర్పారు. చర్చిలో చిన్నప్పుడు బట్టీ పట్టిన పది ఆజ్ఞల పక్కన దాన్ని పదకొండోదిగా పెట్టుకున్నాను. తెర చూసి పెద్దసారు "శభాషమ్మా" అన్నాడు. మండలాఫీసు నుంచి వచ్చిన గుమాస్తా ఎంత పద్ధతిగా ఉందో అన్నాడు. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

జూన్‌లో ఒకామె వచ్చింది. సీతారామపురం అవతల నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే పల్లె వాళ్ళది. గొర్రెల మీద బతికే కుటుంబం. ఆమెకు చదువు లేదు. వెంట పదేళ్ళ కూతురు ఉంది, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలతో. ఆ పిల్ల గురుకుల పాఠశాల పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఆత్మకూరు అవతల బడి, హాస్టలు, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడే. గడువులోగా కాగితాలు తీసుకుపోయి చేర్చాలి. "ఏం కాయితాలు కావాల్నో మీ పెట్టె చెప్తాదంట గదా పాపా" అంది తల్లి.

పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. విద్యాశాఖ అన్న దగ్గర ఆగి ఒకటి నొక్కింది. తెర మీద వచ్చినవన్నీ నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: టీసీ, స్టడీ సర్టిఫికెట్, హాల్ టికెట్, రెండు ఫోటోలు. నేను మూల నిలబడి చూస్తూ, పల్లెటూరి పసిపిల్ల కూడా వాడగలుగుతోంది కదా అని లోలోపల చప్పట్లు కొట్టుకున్నాను.

పది రోజుల తర్వాత ఇద్దరూ మళ్ళీ వచ్చారు. పిల్ల జడలు రేగిపోయి ఉన్నాయి. తల్లి కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము.

"నీ పెట్టె చెప్పినట్టే చేసినాను గదా పాపా" అంది ఆమె. "బడికాడికి పోతే కుల సర్టిఫికెట్ ఏదన్నారు. ఆదాయం ఏదన్నారు. డాక్టరు కాయితం ఏదన్నారు. ఎనక్కి ఉరుక్కుంటా వచ్చినాం. ఎమ్మార్వో ఊళ్ళో లేడు. నిన్నటితో గడువైపోయినాది."

సీటు పోయింది. నేను ఆ ముక్క విని కూడా ముందు నా తెరనే వెనకేసుకొచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"అయ్యి కూడా దీంట్లో ఉండాయి గదక్కా. కులం, ఆదాయం రెవెన్యూలో ఉండాయి. రెండు నొక్కుంటే కనిపించేటియ్యి. డాక్టరు సర్టిఫికెట్ మూడులో ఉండాది."

"రెవెన్యూ అంటే ఏంది?" అంది ఆమె. నిజంగానే అడిగింది. దెప్పిపొడుపు కాదు. తిడితే ఎదురు తిట్టి ఉండేదాన్ని.

ఈలోగా పిల్ల ఏడుపు లంకించుకుంది. "బడి పని గదా అని నేను ఒకటి నొక్కినా మా. అన్నీ నొక్కుండాల్సింది మా" అని తల్లి కొంగు పట్టుకుంది. తప్పు తనదే అనుకుంది ఆ పిల్ల! నా తప్పుకు పదేళ్ళ పిల్ల ఏడుస్తుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇంకొక్క ఏడు రాయనిస్తారంట. ఆపైన వయసు దాటిపోతాది" అంది తల్లి కళ్ళు తుడుచుకుని. "అందాకా గొర్రెపిల్లల ఎంబడి పోతాదిలే." ఇద్దరూ బస్సుకు వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. మా నాయన సంగతంతా విన్నాడు. ఓదార్పు మాటలు ఆయనకు రావు. "తప్పు చేసినావు. దిద్దుకో. దానికి ఏడ్చేదేముండాది?" అని చేయి కడుక్కుని లేచిపోయాడు. ఆ పూట ఆయన మీద ఒళ్ళు మండిపోయింది గాని, తెల్లారేసరికి ఆ మాటే పట్టుకున్నాను. వచ్చే ఎండాకాలానికి ఆ పిల్ల మళ్ళీ సీటు తెచ్చుకుంటే, ఈసారి నా వల్ల పోకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు.

పెద్దసారుకు చెప్తే "జనానికి అవగాహన లేదమ్మా. రెవెన్యూ అంటే ఏందో బోర్డు రాసి గోడకు కొడదాం" అన్నాడు. చదువు రానామెకు బోర్డు! కోపం నెత్తికెక్కింది. నోరు జారకుండా బయటికి వచ్చేశాను. నేను సర్దితే ఇలా తగలడింది. వాడేవాళ్ళనే సర్దమంటే పోలా, అని ఆ వరండాలోనే అనిపించింది.

ఆత్మకూరులో మా ఇంటి దగ్గర ప్రెస్సులో పెళ్ళిపత్రికలు తప్పు పడ్డవి కట్టలు కట్టలుగా మూలపడి ఉండేవి. వాటి వెనక తెల్లగా ఉంటుంది. కట్ట అడిగి తెచ్చుకుని పేకముక్కలంత సైజుకు కత్తిరించాను. ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క సంగతి లావుపాటి స్కెచ్ పెన్నుతో రాశాను, పక్కన చిన్న బొమ్మ గీశాను. అరవై పైచిలుకు అయ్యాయి. ముందు వైపు కుల సర్టిఫికెట్, తిప్పితే ఎవరో వరుడి పేరు, ముహూర్తం. మా అమ్మ చూసి "నీ పెళ్ళికి వేయిస్తావనుకుంటే ఊళ్ళో వాళ్ళ పత్రికలు కోస్తా కూర్చున్నావా తల్లీ" అంది.

ముందు మా గదికి వచ్చే అయ్యవార్లకు, గుమాస్తాలకు ఇచ్చాను. పది నిమిషాల్లో ఏడు కుప్పలు పెట్టారు. అచ్చం నా ఏడు శాఖలే! పెద్దసారు "చూసినావా" అన్నట్టు నవ్వాడు. కానీ ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో వీళ్ళకు ముందే తెలుసు. వీళ్ళు పెట్టెను అడిగేదేముంది? అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అన్నట్టుంది.

తర్వాత బస్టాండు అరుగు మీద పల్లెవాళ్ళ ముందు పరిచాను. నలుగురు మగవాళ్ళు వచ్చి గొంతుక్కూర్చున్నారు. "ఏందిది పాపా, రమ్మీనా?" అన్నాడొకాయన ఉత్సాహంగా. ఇంకో నలుగురు చేరారు. అంతలో బస్సుల టైము రాసుకునే కంట్రోలరు గది నుంచి రంకెలు వేసుకుంటూ వచ్చాడు. "ఆడబిడ్డవు, బస్టాండులో పేకాటేందమ్మా!" పేక కాదని ముక్కలు తిప్పి చూపిస్తే పెళ్ళికొడుకు పేరు కనిపించింది. ఆయనకు ఇంకేం అర్థమవుతుంది? "పెళ్ళి పిలుపులు కింద పరస్తారా ఎవరన్నా" అన్నాడు. పడీపడీ నవ్వారందరూ. ముక్కలన్నీ ఏరుకుని, కుప్పలు పెట్టమని కాళ్ళావేళ్ళా పడితే, "నువ్వెట్టా అంటే అట్టానే పాపా, చదువుకున్నదానివి" అని మర్యాదగా నా చేతికే ఇచ్చేశారు.

దాంతో ఒక ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి, అమ్మ తిట్లు మూటగట్టుకుని, ఆ పిల్ల వాళ్ళ పల్లెకే పోయాను. సీతారామపురంలో దిగి ఆ నాలుగు మైళ్ళూ నడిచాను. ఎండ మాడ్చేస్తోంది. వాళ్ళు పదిరోజుల్లో ఎన్నిసార్లు నడిచారో నడుస్తూ లెక్క వేసుకున్నాను, ఇంకా బాగా ఏడుపొచ్చింది. పిల్ల తల్లి నన్ను గుర్తుపట్టి, చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది. తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

మధ్యాహ్నం గొర్రెలు వేపచెట్ల కింద సేదతీరుతున్నాయి. ఐదారుగురు ఆడవాళ్ళు చేరారు. గోనెపట్టా మీద ముక్కలన్నీ పోశాను. "నేను సర్దింది తప్పక్కా. మీ బిడ్డకు సీటు పోయినాది దానివల్లే. ఈసారి మీరు సర్దండి. ఏది దేని పక్కనుండాల్నో మీరే పెట్టండి. నేను నోరెత్తను" అన్నాను. నేను నోరు మూసుకుని కూర్చున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. పిల్ల ఒక్కొక్క ముక్కా పైకి చదువుతోంది, ఆడవాళ్ళు తలా ఒకటి తీసుకుని పెడుతున్నారు.

కాసేపటికి మూడు కుప్పలు తేలాయి. నాకు తలాతోకా తెలియలేదు. కుల సర్టిఫికెట్ పక్కన గొర్రెల టీకా ఉంది. ఆసుపత్రి కాగితం పక్కన రిజిస్ట్రీ ఉంది. ఇవేం కుప్పలు అని అడిగాను.

"ఇయ్యి సీతారాంపురంలో అయ్యేటియ్యి, నడిచిపోతాం" అంది ఒకామె. "ఇయ్యి ఉదయగిరియి. పొద్దున బస్సుకు పోతే మజ్జానం బస్సుకు రావచ్చు. ఆ కడాఖరియి ఆత్మకూరు, నెల్లూరు. సద్ది కట్టుకోని, ఇంట్లో గొర్రెల్ని ఎవురికన్నా అప్పజెప్పి పోవాల."

బస్సును బట్టి సర్దారు! మా శాఖలన్నీ ఏ బస్సుకూ అందకుండా పోయాయి. నాకు నవ్వాగలేదు. కానీ పిల్ల తల్లికి ఆ కుప్పలు నచ్చలేదు. కాసేపు చూసి, "ఇది గాదు మే" అని చేత్తో అన్నీ కలిపేసింది.

"ముందు పనేందో అనుకోండి. బిడ్డను బళ్ళో ఎయ్యాల. దానికేం కావాల? అయ్యన్నీ ఒక దిక్కున పెట్టండి. ఏది ముందో, ఏది ఎనకో."

బడి బొమ్మ ఉన్న ముక్క పైన పెట్టింది. దాని కింద వరసగా పేర్చుకుంటూ పోయింది. మొదట ఊరి కరణం సంతకం, అది లేనిదే ఏదీ కదలదు. కరణాలు పోయి ఏళ్ళయినా ఆ పల్లెలో ఆ పనివాడు కరణమే. దాని కింద కులం, ఆదాయం, రెండూ ఒకే నడకలో అయ్యేవి. తర్వాత ఉదయగిరి డాక్టరు. ఆఖర్న టీసీ. ఆమె ఒక్కొక్కటి పెడుతుంటే అవి ఆ జూన్ నెలలో తన కాళ్ళ కింద పడిన దారులని నాకు తెలుస్తూనే ఉంది. పిల్ల చదవడం ఆపి తల్లినే చూస్తోంది.

అంతలో గొర్రెల లోను వరస పేరుస్తున్న ఇంకొకామె చేయి చాచింది. "కుల సర్టిఫికెట్ ఇటియ్యి. లోనుకు గూడా కావాల."

"నాకు బడికి కావాల" అంది పిల్ల తల్లి, ముక్క వదలకుండా.

ఇద్దరూ లాక్కుంటుంటే నాలోని పదకొండో ఆజ్ఞ ఊరుకోలేదు. ఒట్టు గట్టున పెట్టి నోరు తెరిచాను. "ఒకటే ఉండాదక్కా. ఒక్కచోటే పెట్టాల, అది పద్ధతి."

పిల్ల తల్లి నా వంక చూసింది. మూడోసారి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఉత్త చేతులతో వచ్చినప్పుడు ఆ గుమ్మం వంక అలాగే చూసి ఉంటుంది. ముక్కను రెండు చేతులా పట్టుకుని పర్రున చించింది. సగం బడి వరసలో పెట్టింది. సగం లోను ఆమెకు ఇచ్చింది.

"ఇప్పుడు రెండుండాయి. రెండు దిక్కులా పెట్టుకోండి. దీనికేంది ఇంత సోద్యం?"

నేను నోరు వెళ్ళబెట్టాను. అదీ పని! కాగితం ఎక్కడ పుట్టిందన్నది ఆఫీసువాళ్ళ తలనొప్పి. ఎక్కడ కావాలో అక్కడ అది ఉండాలి, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల ఉండాలి. ఇంత చిన్న ముక్క నాకు కోర్సులో ఎవరూ చెప్పలేదు, నా బుర్రకూ తట్టలేదు. ఆ రెండు సగాలు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

తర్వాత కొండాపురంలో, సంగంలో కూడా పరిచాను. సంగం అంటే కాలవ కింద ఊరు, బస్సులు, ఆటోలు బాగా తిరుగుతాయి. అక్కడివాళ్ళకు బస్సు కుప్పలు పట్టలేదు. కానీ 'పనేందో ముందు అనుకోండి' అన్న దగ్గర మాత్రం అన్ని ఊళ్ళూ కలిశాయి. కాబట్టి మొదటి తెర మీద పనులే పెట్టాలని, ఎక్కడ, ఎప్పుడు అన్నది లోపలికి పోయాక చెప్పాలని తేల్చుకున్నాను.

పెద్దసారు ఒప్పుకోలేదు. "శాఖల పేర్లు తీసేస్తే ఆఫీసర్లేమనుకుంటారమ్మా? రేపు వాళ్ళొచ్చి చూస్తే?"

"ఆఫీసర్లెప్పుడన్నా ఈ కుర్చీలో కూర్చోని అంకె నొక్కినారా సార్?"

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావు."

"లేదు సార్. నాలుగు కాళ్ళూ లెక్కబెట్టుకోనే వచ్చినాను" అని సంచిలోని ముక్కలు ఆయన బల్ల మీద గుమ్మరించాను. చేయనివ్వకపోతే రేపటి నుంచి రానని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ చిరిగిన సగాలు తిప్పి తిప్పి చూశాడు. మంచివాడే, ఆఫీసర్లంటే భయం అంతే. ఆఖరి తెర అడుగున చిన్న అక్షరాలతో శాఖల పేర్లు వేస్తానని నేను, సరేనని ఆయన, అలా కుదిరింది.

మూడు నెలలు పట్టింది. మొదటి తెర మీద 'ఏం పని మీద వచ్చారు?' అన్న ప్రశ్న, కింద అంకెల పక్కన బొమ్మలు: బడి, గొర్రె, పొలం, కాన్పు, ఇల్లు. బడి నొక్కితే కరణం సంతకం నుంచి టీసీ దాకా ఆమె పేర్చిన వరస. కుల సర్టిఫికెట్ ఐదు చోట్ల రాశాను. రాసిన ప్రతిసారీ చేతికి హాయిగా ఉండేది.

మరుసటి ఏడాది ఎండాకాలం ఆ పిల్ల దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది, అవే గుండ్రటి అక్షరాలు. మళ్ళీ సీటు వచ్చిందట. గడువు తేదీ కూడా రాసింది. నేను ఆ రోజు నుంచి ఎదురుచూశాను. వారం గడిచింది, వాళ్ళు రాలేదు. గడువు రోజు రానే వచ్చింది. పొద్దున సీతారామపురం బస్సు దిగినవాళ్ళను ఒక్కొక్కరినీ చూశాను. లేరు. మధ్యాహ్నం బస్సు. లేరు. కుర్చీ దగ్గర జనం ఒకరి వెనక ఒకరు అంకెలు నొక్కుకుంటున్నారు, బాగానే నడుస్తోంది, నాకు అదేదీ పట్టలేదు. ఎవరి కోసం చేశానో ఆమె రాకుండా ఊరంతా వస్తే నాకేం లాభం? ఒకాయన ఏదో అడిగితే కసురుకున్నాను. పెద్దసారు "కూర్చోమ్మా కాసేపు" అన్నాడు. కూర్చోబుద్ధి కాలేదు.

నాలుగింటికి ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన బస్సులో నుంచి ఆమె దిగింది. ఒక్కతే. పక్కన పిల్ల లేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి ఉరికాను.

"బిడ్డేదక్కా?"

"నిన్ననే పొయ్యి, బళ్ళో దించొచ్చినాను" అంది. "ట్రంకుపెట్టె లోపల పెట్టి, మంచం చూపించినాక వచ్చినా. ఏడవలా అది. నేనే ఏడ్చినా."

అక్కడే బస్టాండు ముందు, ఎండలో, అందరూ చూస్తుండగా ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. తేరుకోగానే కోపం వచ్చింది.

"మరి కాయితాలో? మా కాడికి రానే లేదు! పెట్టెను అడగనే లేదు! ఏదన్నా ఒకటి తగ్గుంటే ఏమయ్యుండును?"

ఆమె ముక్కు చీది, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"దాన్ని అడిగేదేంది పాపా? ఏది యాడ పెట్టాల్నో దానికి చెప్పింది నేనే గదా" అంది. సీతారామపురం బస్సు కదులుతుంటే సంచి చంకన పెట్టుకుని పరిగెత్తింది.